ముందు రోజు

రెండేళ్ళ కిందటి ఎండాకాలం. బీడీలకి వాడే తునికాకు కొనే కల్లం తెరిచి నాలుగైదు రోజులయ్యాక మా ఊరు ఇప్పలగుంపులోకి మొదటిసారి అంబులెన్స్ వచ్చింది. పక్కింటి వనజ కూతురికి జ్వరం ముదిరి పిల్ల కళ్ళు తేలేస్తుంటే నేనే ఫోన్ చేశాను. కొత్తగా పోసిన కంకర రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ ముప్పావుగంటలో వచ్చింది బండి. తల్లీపిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. గుంపులో జనమంతా దాని వెనకే వాగు దాకా నడిచి, అది కనపడకుండా పోయాక తిరిగొచ్చారు. మా అమ్మ ముత్తక్క మాత్రం పందిరి కింద నుంచి కదల్లేదు.

పొద్దున అడవిలో కోసుకొచ్చిన ఆకు మా ఇద్దరి మధ్యా కుప్పగా ఉంది. యాభై ఆకులకో కట్ట. సాయంత్రానికల్లా కట్టలన్నీ కల్లానికి చేరాలి. నేను భద్రాచలంలో హాస్టల్లో ఉండి డిగ్రీ, బీఈడీ పూర్తి చేసి, టీచర్ పోస్టుల కోసం ఎదురుచూస్తూ ఆ వేసవి ఇంట్లోనే ఉన్నాను. అమ్మకున్నంత వేగం నా చేతుల్లో లేదు.

"మనకప్పుడు గీ బండి ఉంటేనా," అంది అమ్మ, ఆకు మీంచి తల ఎత్తకుండా.

దుర్గ గురించి అంటోందని నాకర్థమైంది. దుర్గ నా చెల్లెలు. మూడేళ్ళప్పుడు జ్వరమొచ్చి దవాఖానాలో చనిపోయిందని మాత్రమే నాకు తెలుసు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

"దవాఖానాల గాదు, తొవ్వలనే పోయింది," అంది అమ్మ. "జీపుల పదకొండు మందిమి. నేను నడిమి సీట్ల. నా చీరంత తడిసి ముద్దయి ఉండె. దుర్గ ఒళ్ళె పండుకొనుండె. సగం దూరం పోయినంక దాని చెయ్యి జారింది. పట్టుకుంటే తెలిసింది."

నేను కట్ట కట్టడం ఆపేశాను. అమ్మ ఆపలేదు.

"పక్కన ఒకామె ఉండె, వేంసూరు దిక్కు మనిషి. పాపకు నిద్రపట్టిందా అన్నది. అవ్ అన్న. చెప్తే దింపేస్తరు గదా. పీనుగను ఎక్కించుకొని ఎవడు తోల్తడు బండి? గా అడివిల దిగి నేనేం జెయ్యాలె? ఆమె ఇంత జరిగి, కాళ్ళు సాపనియ్యమ్మా, సుఖంగ పండుకోనీ అన్నది. సాపిన. దిగేటప్పుడు బిస్కెట్ పుడ ఒకటి నా చేతిల పెట్టింది, లేసినంక తినిపియ్యమని."

"తీస్కున్నవా?"

"తీస్కోకుంటే ఏమనుకుంటది?"

"మరి తెల్సినంక గూడ దవాఖానా దాక ఎందుకు పోయినవమ్మా?"

అమ్మ నార బిగించి, ముడి వేసి, కట్టని వరసలో పెట్టింది.

"డాక్టర్ సూసి చెప్తే గదా, లేదని," అంది.

ఆ సాయంత్రం నీళ్ళ ట్యాంకు దిబ్బ ఎక్కాను. మా గుంపులో సిగ్నల్ అక్కడొక్కచోటే వస్తుంది. అప్పటికి ఏడాదిన్నరగా నేనొక కథల యాప్‌లో రాస్తున్నాను. వనకన్య అని కలం పేరు. ఇప్పుడు ఆ పేరు చెప్పాలన్నా మొహం చెల్లదు. అడవిలో పుట్టిన వనకన్య రాసేవన్నీ హైదరాబాదు కథలే. అపార్టుమెంటు బాల్కనీలు, పొగలు కక్కే కాఫీ కప్పులు, చివరి భాగంలో సారీ చెప్పే భర్తలు. నేను ఏ అపార్టుమెంటూ లోపలికెళ్ళి చూసినదాన్ని కాదు. ముప్పై నలభై మంది చదివేవాళ్ళు. అయినా నాకది చాలు. అంతకు ముందు పత్రికలకి పంపిన కథల గురించి నెలల తరబడి పోస్టు కోసం చూసి విసిగిపోయాను. ఇక్కడ 'ప్రచురించు' అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే అయిపోతుంది. ఎవరినీ అడగక్కర్లేదు. ఆ యాప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే, ఎవరినీ అడగక్కర్లేకపోవడం.

దిబ్బ మీద కూర్చుని జీపు సంగతంతా బొటనవేళ్ళతో రాసేశాను. పాపకి చిన్మయి అని పేరు పెట్టాను. బిస్కెట్ ప్యాకెట్ కన్నా అరటిపండు పల్లెటూరి కథకి బాగుంటుందనిపించి దాన్ని అరటిపండు చేశాను. చీర తడిసి ఉందని అమ్మ అన్నది కదా, 'చెమటతో తడిసిన చీర' అని రాశాను. మండుటెండ, ఇరుకు జీపు, చెమట. పేరు 'ఒళ్ళో పాప'. నొక్కాను.

పొద్దున ఆకుకి వెళ్ళొచ్చి మళ్ళీ దిబ్బ ఎక్కేసరికి ఆరువందల మంది చదివారు. మూడో రోజుకి నాలుగు వేలు. బస్సులో చదువుతూ ఏడ్చేశానని ఒకామె. మీ కలానికి వందనం అని ఒకాయన. తరువాయి భాగం ఎప్పుడని చాలామంది. నేను తరువాయి భాగమేదీ అనుకోలేదు. కానీ అంతమంది అడుగుతుంటే లేదని చెప్పడానికి మనసొప్పలేదు.

వాళ్ళలో ప్రమీలారాణి అని ఒకావిడ. ఖమ్మంలో రిటైరైన టీచరట. ఆవిడ ఒక్కటే ప్రశ్న వేసింది. "జ్వరం అంత ముదిరేదాకా ఆ తల్లి ఎందుకు ఆగింది? ముందు రోజే ఎందుకు బయల్దేరలేదు?" దాని కింద నూటముప్పై మంది 'అవును, చెప్పండి' అన్నారు.

నాకు తెలియదు. అడిగితే చెప్పే మనిషి అమ్మ. దిబ్బ దిగితే మా ఇల్లు రెండువందల అడుగులు. ఆ సమయానికి ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది. వెళ్ళి అడగొచ్చు. అడిగితే, ఎందుకడుగుతున్నవని తను అడుగుతుంది. ఫోన్లో ఛార్జింగ్ తక్కువుంది. పైన నాలుగు వేలమంది కాచుకుని ఉన్నారు. నేను దిగలేదు. కారణం నేనే కల్పించాను.

ఆ రోజు కల్లంలో ఆకు అప్పజెప్పాల్సిన రోజు అని రాశాను. తప్పిపోతే ఆకు వాడిపోయి పనికిరాకుండా పోతుంది. అందుకని తల్లి, పిల్లకి ఇంత కషాయం పోసి ఒక మూల పడుకోబెట్టి కట్టలు కట్టుకుంటూ కూర్చుంది. 'ఆ రోజంతా ఆమె చేతులు బిడ్డ నుదుటి మీద లేవు, ఆకుకట్టల మీద ఉన్నాయి' అని ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. రెండుసార్లు చదువుకుని నొక్కాను.

మొదటి భాగం చదివి ఏడ్చినవాళ్ళు రెండో భాగం చదివి తిట్టారు. ఆకు కోసం బిడ్డని చంపుకుందని, ఇలాంటివాళ్ళకి పిల్లలెందుకని, ఇది పేదరికం కాదు దురాశ అని. నేను ఒక్కొక్క మాట కిందా ఎర్రటి గుండె బొమ్మ పెట్టుకుంటూ పోయాను. వాళ్ళు తిడుతున్నది ఎవరినో నాకు తట్టనే లేదు. ఆ వారం పదకొండు వేలు దాటింది.

అమ్మకి చదువు రాదు. నాయినకి సంతకం వరకే. మా గుంపులో ఆ యాప్ చూసేవాళ్ళెవరూ ఉండరనే అనుకున్నాను. వాళ్ళకి చదవడం రాదు కాబట్టి వాళ్ళ గురించి ఏం రాసినా వాళ్ళ దాకా రాదని నా ధైర్యం. ఈ మాట అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు. అనుకోనక్కర్లేనంత ధీమాగా ఉన్నాను.

మే నెల మధ్యలో ఒక సాయంత్రం కట్టల మూట నెత్తిన పెట్టుకుని కల్లానికి వెళ్ళాను. అమ్మ నాకంటే ముందే వెళ్ళి మద్దిచెట్టు నీడలో కూర్చుంది. ఆకు కొనే కల్లేదారు అవతలి వరసలో లెక్క చూసుకుంటున్నాడు. వనజ కూడా వచ్చింది, పిల్ల నయమై చంకలో ఉంది. ఆమె ఒళ్ళో ఫోను. చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు.

ఫోన్లోంచి ఒక గొంతు వస్తోంది. మనిషి గొంతు కాదు. ఎక్కడా ఆగకుండా, ఎత్తూ పల్లం లేకుండా చదువుకుపోయే మిషను గొంతు. తునికాకు అన్న మాటని 'తుని' అని ఆగి, 'కాకు' అంటోంది. నేను రెండు అడుగులు వేశాక అది నా వాక్యమని తెలిసింది.

"ఆ రోజంతా ఆమె చేతులు బిడ్డ నుదుటి మీద లేవు ఆకుకట్టల మీద ఉన్నాయి."

యాప్‌లో ప్రతి కథ పైనా 'వినండి' అని చిన్న బటన్ ఉంటుంది. నేనెప్పుడూ దాన్ని నొక్కలేదు. చదవడం వచ్చినదాన్ని, నాకు దాంతో పనేముంది?

"థూ, ఏం తల్లమ్మా," అంది ఒకామె.

"మన ఆకు దిక్కోల్లదే కథ," అంది వనజ సంబరంగా. ఆమె అప్పటికి రెండేళ్ళ కిందే కారేపల్లి దగ్గర్నుంచి కోడలిగా వచ్చింది, దుర్గ సంగతి ఆమెకి తెలియదు. "ఎవరో వనకన్యనంట. మంచిగ రాసింది. రా వదినా, కూసో. నువ్వు సదువుకున్నదానివి, నీకు ఇంక మంచిగ సమజైతది."

నేను మూట దించాను. దించేటప్పుడు నార తెగి కట్టలు కిందపడ్డాయి. అమ్మ వాటిని ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చింది. నా మొహం వంక చూడలేదు. మిషను గొంతు చివరిదాకా చదివి ఆగింది.

"అయిపోయిందా వనజా, ఇంకుందా?" అని అడిగింది అమ్మ.

"అయిపోయిందత్తా."

"మంచిది," అని లేచి, కొంగు దులుపుకుని, లెక్క దగ్గరికి వెళ్ళింది.

ఇంటికొచ్చాక ఏదో ఒకటి అంటుందని చూశాను. అనలేదు. అన్నం వండింది, గోంగూర పచ్చడి వేసింది, ఇంకొంచెం వేసుకోమంది. నేనూ ఏమీ అనలేదు. ఏమనాలో తెలియక కాదు. తను అనకపోతే నేనూ అననక్కర్లేదని.

మర్నాడు తెల్లవారుతూనే అడవిలోకి నడుస్తున్నాం. ముందు అమ్మ, వెనక నేను. వాగు దాటాక నోరు విప్పింది.

"అరటిపండు గాదు బిడ్డా. బిస్కెట్ పుడ."

నా కాళ్ళు ఆగిపోయాయి. అమ్మ నడుస్తూనే ఉంది.

"ఊకెనే మార్చినమ్మా. కథల గట్లనే మారుస్తరు."

"గట్లనా."

కాసేపటికి నేనే ధైర్యం చేసి, "మరి గా ఆకు సంగతి..." అన్నాను.

ఈసారి అమ్మ ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చాలాసేపు చూసింది. కోపం లేదు. నేనేదో దాస్తున్నట్టు, దాస్తే దాచుకోనీ అన్నట్టు చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

"గది అట్లనే ఉండనీ," అంది.

ఆ మాటని నేనెలా తీసుకున్నానో చెప్పడం ఈ కథలో అన్నిటికంటే కష్టం. నా ఊహ నిజమైందనుకున్నాను. ఆకు కోసమే ఆగి ఉంటుంది, నేను ఊరికే రాసింది సరిగ్గా తగిలింది, అందుకే మాట్లాడటం లేదు అనుకున్నాను. ఆ రోజంతా ఆకు కోస్తూ ఒక పక్క సిగ్గుపడుతూనే, ఇంకో పక్క నా రాతకి ఎంత శక్తి ఉందో అని మురిసిపోయాను. సాయంత్రం దిబ్బ ఎక్కి ఎంతమంది చదివారో చూసుకున్నాను కూడా.

నెలాఖరుకి కల్లం మూసేశారు. జూన్ మొదట్లో మొదటి వాన పడ్డ మర్నాడు, నాయిన ఇంటి కప్పు మీద పగిలిన పెంకులు మారుస్తుంటే నేను కింద నుంచి అందిస్తున్నాను. నాయిన పేరు పగిడయ్య. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

"వనజ ఫోన్ల వచ్చే కథ నువ్వు రాసిందేనంట గదా. మీ అమ్మ జెప్పింది," అన్నాడు. "వేలమంది సదువుతుండ్రంట."

"అవ్ నాయినా."

"నేను గూడ విన్న." పెంకు అందుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆకు సంగతి ఎందుకు వెట్టినవ్?"

"కథ గదా నాయినా. ఏదో ఒక కారణం ఉండాలె."

"కథనే. గని దుర్గ పోయింది నాట్లప్పుడు. కల్లం మూసి రెండు నెలలైంది. ఆకెక్కడిది గప్పుడు? వాన ఇడిసిపెట్టకుంట కొడ్తుండె."

అమ్మ చీర తడిసింది వానకన్నమాట. రోడ్డు లేని ఆ రోజుల్లో జీపు ఆగే చోటికి తొమ్మిది కిలోమీటర్లు వానలో పిల్లని ఎత్తుకుని నడిచిందన్నమాట. నేను దాన్ని చెమట అని రాశాను.

"మరి ముందు రోజు ఎందుకు పోలే?" అన్నాను. నెలన్నర కింద అమ్మని అడగాల్సిన మాట.

నాయిన పెంకు సర్దుతున్నవాడు ఆగి కిందకి చూశాడు.

"నేను బండలగుంపుల దూలయ్య పొలం దున్నుతున్న, రాత్రి గూడ గాన్నే పండుకుంటున్న. సైకిల్ నా దగ్గర్నే ఉండె. మధ్యాహ్నం మీ అమ్మ నిన్ను తోలింది, నాయినను జల్దీ తోల్కరా పో అని. పొద్దుగూకేయాళ్ళకు నువ్వొచ్చి, నాయిన వస్తుండు అన్నవంట. ఇంక వస్తడు, ఇంక వస్తడని తెల్లారేదాక సూసింది. నాకేం తెల్సు? నా తానికి ఎవ్వరు రాలే."

నా చేతిలో పెంకు అలాగే ఉంది. నాయిన అది అందుకోవడానికి చెయ్యి చాపి, నా మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నీకు యాదికుందనుకున్న," అన్నాడు మెల్లగా. "గందుకే ఆకు సంగతి రాసినవేమో అనుకున్నం."

అనుకున్నం అన్నాడు. ఇద్దరూ అలాగే అనుకున్నారు. నా తప్పు నాకు తెలిసి, దాన్ని కప్పుకోవడానికి అమ్మ మీద పెట్టి వేలమందికి చెప్పానని అనుకున్నారు. అనుకుని కూడా నాకు అన్నం పెట్టారు.

బండలగుంపు నాకు గుర్తుంది. అక్కడ దూలయ్య ఇంటికి మొదటిసారి టీవీ వచ్చింది. కిటికీ బయట పిల్లలందరం వానలో తడుస్తూ నిలబడి చూస్తుంటే దూలయ్య తల్లి లోపలికి రమ్మని చాప వేసింది. మరమరాలు పెట్టింది. రంగురంగుల బట్టలేసుకుని ఎవరో ఆడుతున్నారు. నా చిన్నతనంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు. అదీ దుర్గ పోవడానికి ముందు రోజూ ఒకటేనని నాకు ఎప్పుడూ తట్టలేదు. నాయిన వస్తున్నాడని అన్నట్టు నాకు గుర్తు లేదు. కానీ చీకటి పడ్డాక ఒక్కదాన్నే ఇంటికొచ్చి, అమ్మ తిడుతుందని భయపడి, అనే ఉంటాను.

అమ్మ ఇంటి వెనక గట్టు మీద మొక్కజొన్న విత్తనం ఏరుతోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా వాలకం చూసి ఆమెకే అర్థమైంది. లేచి ఇంటి ముందుకి వెళ్ళి, కప్పు మీదున్న నాయిన్ని తిట్టింది. ఆ సీజనంతా ఆమె గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

"ఎందుకు జెప్పినవ్ దానికి? ఇరవై ఏండ్లు అడిగిన్నా, చెప్పిన్నా నేను? నీకెందుకు నోరు ఆగలే?"

నాయిన పెంకులు సర్దుకుంటూ ఉండిపోయాడు.

అమ్మ తిరిగొచ్చి మళ్ళీ చాట ముందు కూర్చుంది. "నిజంగ తెల్వదా నీకు?" అంది.

తెలియదన్నట్టు తల ఊపాను.

"నీకు ఏడేండ్లు గప్పుడు. ఏడేండ్ల పిల్లకు ఏం తెలుస్తది?"

"నేను ఇప్పుడే పోయి నిజం రాస్తనమ్మా. మొత్తం రాస్త."

"వద్దు." గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. "గిన్ని వేలమంది సూస్తరంటివి. నిన్ను ఏమన్న అంటే? రేపు బడిల పిల్లలకు సదువు చెప్పేదానివి. ఆకు సంగతే ఉండనీ. నన్నెవరు గుర్తువడ్తరు? తిట్టినా నాకు సదవస్తదా ఏంది?"

నేను ఏడుస్తుంటే కొంగుతో నా మొహం తుడిచింది. చేతికంటిన విత్తనాల దుమ్ము నా బుగ్గలకి అంటుకుంది. అడగనా వద్దా అన్నట్టు అడిగింది.

"దాని పేరు ఎందుకు మార్చినవ్?"

"ఎవరికీ తెల్వద్దని."

"దుర్గ అనే వెట్టు. ఫోటో లేకపాయె, రేషన్ కార్డుల ఎక్కకపాయె. దాని పేరు ఏడ లేదు."

దిబ్బ ఎక్కాను. చిన్మయి అని ఉన్న ప్రతిచోటా దుర్గ అని మార్చాను. అరటిపండు తీసి బిస్కెట్ పుడ రాశాను, చెమట తీసి వాన రాశాను. రెండో భాగం తీసేయబోతే 'ఖచ్చితంగా తొలగించాలా' అని అడిగింది యాప్. పెట్టేటప్పుడు ఇలాంటిదేమీ అడగలేదు. తొలగించాను. వనకన్య తీసేసి నా అసలు పేరు, భవాని అని పెట్టాను.

కానీ అది అప్పటికే నా చేతిలో లేదు. ఎవరో రెండు భాగాలూ కలిపి, ఏడుస్తున్న ఎవరో ఆడమనిషి బొమ్మ పెట్టి, వీడియో చేసి ఇంకోచోట వదిలారు. 'ఆకు కోసం కన్నబిడ్డను బలిచ్చిన తల్లి' అని పేరు. తీసేయమని మూడుసార్లు రాశాను. జవాబు లేదు. అది ఇప్పటికీ ఉంది. కింద తిట్లు కూడా పెరుగుతూనే ఉన్నాయి. ప్రమీలారాణిగారు యాప్‌లో మళ్ళీ ఒకసారి అడిగారు. రెండో భాగం కనబడటం లేదు, అసలు ముందు రోజు ఏమైంది అని. నేను జవాబు ఇవ్వలేకపోయాను.

ఇప్పుడు తల్లాడ దగ్గర ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. ఈ వేసవి ఆకుకి ఇంటికెళ్ళినప్పుడు, ఈ కథ రాయనా అని అమ్మని అడిగాను. రాయడానికి ముందు ఆమెని అడగడం అదే మొదటిసారి. ఆకులు లెక్కపెడుతూనే ఉంది. యాభై అయ్యాక కట్ట కట్టి పక్కన పెట్టింది.

"రాస్తే రాయి. గని నీకప్పుడు ఏడేండ్లని రాయి. గది మర్చిపోకు."

రాశానమ్మా. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఆకు సంగతి రాసిననాటికి మాత్రం ఇరవై ఏడు.